బేసి పువ్వు

వూచ్ నగరంలో, ట్రాములు కీచుమని మలుపు తిరిగే చోట,
థియేటరు నేలమాళిగలో నా బల్ల.
జెలటిన్ గిన్నె, స్పిరిట్ దీపం,
రేకుకి వంపు తెచ్చే ఇనుప గుండ్లు:
బఠాణీ అంతది, చెర్రీ అంతది, కోడిగుడ్డంతది.
ముప్ఫై ఏళ్ళుగా వసంతం నా వేళ్ళని
కాస్త కాల్చే పైకి వెళ్తోంది.

ఈసారి నాటకంలో ఒక పిల్ల.
పేరు రాయలేదు, అందరూ "చిన్నది" అంటారు.
మాట మొదలుపెట్టి మింగేస్తుంది,
తలుపు చప్పుడైతే మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంటుంది.
దర్శకుడు రాదొస్వాఫ్ చీటీ రాసిచ్చాడు:
మొదటి అంకం నీలం.
రెండో అంకం ఊదా.
మూడో అంకం తెలుపు, ఆరు పువ్వులు.
"తెలుపంటే తెలుసుగా, బొగుమీవా?
విరిగిపోయిందని."

తెలియకేం.
మా అమ్మ అద్దకం మిల్లులో చేసింది.
వారానికో రంగు ఆవిడ గోళ్ళలో కాపురం ఉండేది.
అన్నిటికంటే తెలుపుకే భయపడేది.
"అది దానంతటది రాదే పిల్లా,
ఉడకబెట్టాలి, క్లోరిన్‌లో ముంచాలి,
మన ఊపిరితిత్తుల్లో ఆరబెట్టాలి."

వేషం వేసే అమ్మాయి కలీనా.
తెల్లారకముందే ఈతకొలను నలభైసార్లు దాటొస్తుంది.
తెర పక్కన సాసేజి రొట్టె తిని
వేళ్ళు నా ఏప్రన్‌కి తుడిచి
వెలుగులోకి వెళ్ళి వణుకుతుంది.
ఆ భుజాలు అంత చిన్నవెలా అవుతాయో
కొలతలు తీసిన నాకే అంతుపట్టదు.

దీపాలకి జాలి లేదు.
పచ్చ కాగితం అడ్డు పెడితే ఎర్ర గసగసపువ్వు నల్లబడుతుంది.
తేనె రంగు పెడితే తెలుపు
ముసలి పన్నులా కనిపిస్తుంది.
మూడో అంకానికి నీలం పెట్టారు.
నీలి వెలుగులో తెల్లపువ్వూ నీలిపువ్వూ
కవల పిల్లలు.
ఈ సంగతి నాకు తెలుసు, దీపాలవాడికి తెలుసు.
రాదొస్వాఫ్‌కి తెలీదు.

ఇంకో సంగతి అందరికీ తెలుసు.
మా దగ్గర బతికున్నవాళ్ళకి బేసి పూలు ఇస్తాం.
సరి లెక్క సమాధులకి.
అందుకే ఆరు.
ముందు వరస ముసలమ్మలు పెదవులు కదుపుతూ లెక్కపెట్టి
అంకం మొదట్లోనే చేతిరుమాళ్ళు తీస్తారు.
పిల్ల ఇంకా నిలబడే ఉంది,
గుక్క తిప్పుకుంటూనే ఉంది,
వీళ్ళు అప్పుడే సరి అనేశారు!

నాకు ఒళ్ళు మండింది.
ఆఖరి ఆట రోజు
మొదటి అంకంలో మిగిలిన నీలి గోధుమచేను పువ్వొకటి
తెల్లవాటి మధ్య దూర్చాను.
ఎవరికీ చెప్పలేదు. చెబితే జీతం కోస్తారు.

చిన్నది జింకు తొట్టి దగ్గర కూర్చుంది.
ఒక్కో పువ్వూ నీళ్ళలో వదిలింది, ఒక్కో మనిషి పేరు చెప్పి.
ఆరు పేర్లు అయిపోయాయి.
చెయ్యి ఇంకా ఖాళీ కాలేదు.

తెర పక్కనుంచి చూస్తున్నాను, నోట్లో గుండుసూదులు.
ప్రాంప్టరు జెనోన్ దగ్గాడు, అందించడానికి మాట లేదు పాపం.
కలీనా ఆ పువ్వుని
కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పట్టుకుంది,
కోటు జేబులో పెట్టి
గుండీ పెట్టుకుంది.
తర్వాత రాసిన ప్రకారమే పడిపోయింది.

ముందు వరసలో ఒకావిడ
రుమాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఆ ఆగడం బాగుంది," అన్నాడు రాదొస్వాఫ్,
"ముందునుంచే చేసి ఉండాల్సింది."
కలీనా నావైపు చూడలేదు.
రెండో రొట్టె మాత్రం సగం తుంచి
నా బల్ల మీద పెట్టి పోయింది.

సోమవారం ఉతుకులు.
కోటు జేబు తిరగేస్తే
పువ్వు లేదు, లోపలి గుడ్డ మీద నీలం.
వెనిగర్‌కి లోభించాను కదా, రంగు నిలవలేదు.
అమ్మ ఉంటే తిట్టేది.
సబ్బు ఒకసారి రుద్ది చూశాను.
ఇంకాస్త పరుచుకుంది.

పోనీలే.
వచ్చే ఏడు హాస్యనాటకంలో ఈ కోటు
లావుపాటి పోస్టుమాను వేసుకుంటాడు.
ఉత్తరాల కోసం జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా
వేలికి కొంచెం అంటితే
అంటనీ.