కాలరు లోపలి మడత

చెంగల్రావుపేట మలుపులో మా ఇస్త్రీ బండి.
చక్రాలు తిరిగి పదేళ్లయింది,
ఒక పక్క ఇటుకలు పెట్టి నిలబెట్టాం.
పోర్టు వైపు నుంచి గాలి ఇటు మళ్లిందంటే
ఉతికిన బట్ట మీద నల్లని నూక.
అది దులిపి, నీళ్లు చిలకరించి,
పెట్టెలో నా బొగ్గులు రాజేసుకుంటాను.
వెనక నూకాలు దగ్గుతుంటుంది.

ఎన్నికలొస్తే తెల్లచొక్కాలొస్తాయి.
రోజుకి నాలుగు జతలు ఒకాయనవి,
ఐదు ఇంకొకాయనవి.
రెండు మూటలూ ఒకే బల్ల మీద.
కలిసిపోకుండా నూకాలు
ఒకదానికి ఒక ముడి, ఒకదానికి రెండు ముళ్లు వేస్తుంది.

జనానికి వాళ్లు చూపించేది చొక్కా ముందుభాగం.
నాకు తిరగేసి చూడ్డమే పని.

మొదటాయన కాలరు లోపల
ఎన్ని ఉతుకులకీ వదలని జిడ్డు.
జేబు అడుగున ఎవరిదో అర్జీ,
నానిపోయి, ముద్దయి, ఎండిపోయి.
ఫోను నంబరులో చివరి అంకెలు మూడే మిగిలాయి:
నాలుగు, నాలుగు, ఏడు.
మా నంబరు చివరా అవే.
ఊళ్లో ఎంతమందికి ఉండవు అనుకుని
పారేశాను.

పెద్ద తుపాను నాడు
మోకాలిలోతు నీళ్లలో మా వీధికి పాలు మోసుకొచ్చింది ఈయనే.
అది మర్చిపోలేను.
ఆ నీళ్లు పోయే కాలవ మీద
లేచిన గోదాము ఎవరిదో,
అదీ మర్చిపోలేను.

రెండో ఆయనవి కొత్త చొక్కాలు.
జేబులో ఏమీ ఉండదు.
మడత విప్పితే అత్తరు.
ఒంటి వాసన ఒక్కనాడూ తగల్లేదు.
చెమట పట్టని మనిషిని నమ్మాలా, భయపడాలా?
డబ్బులు మాత్రం ఏ రోజువి ఆ రోజే.
మొదటాయన మనుషులు
పోయిన ఎన్నికల లెక్కే తేల్చలేదు.

మూడో మనిషి ఉన్నాడు, కూర్మారావు మాస్టారు.
ఉన్నదొకటే తెల్లచొక్కా.
అది విప్పి నాకిచ్చి
బనీనుతో బండి పక్కనే నిలబడి
వేడి తగ్గకుండానే తొడుక్కుపోతాడు.
ఆయన గుర్తు ఇస్త్రీ పెట్టె.
"మన గుర్తేనయ్యా" అని నవ్వాడు.
నేనూ నవ్వాను.
నూకాలు నవ్వలేదు.
"మంచోడే. కాదన్నానేటి?
ఈయనకేత్తే ఆళ్లిద్దర్లో ఎవుడు గెలుత్తాడో అది సెప్పు ముందు."
చెప్పలేకపోయాను.

పోలింగు మున్సిపల్ స్కూల్లో.
నా ముందు హార్బర్లో ఐసు కొట్టే ఎర్రయ్య,
వేట బంద్ కదా, ఖాళీగా ఉన్నాడు.
"ఒకడి మీద ఇట్టం ఉండి ఓటేసి
శానా ఏళ్లయిందిరా" అన్నాడు.
"ఇంకోడి మీద కోపానికే ఏత్తన్నాను."
మా వెనకెవరో నవ్వారు, ఎండకి నవ్వు ఆగిపోయింది.

నచ్చకపోతే చొక్కా కొనకుండా
కొట్లోంచి వచ్చేయొచ్చు.
ఇక్కడ నేను వద్దని వచ్చేసినా
ఎవరో ఒకరు కొని నాకు తొడిగేస్తారు.
ఐదేళ్లు గుండీలు విప్పడానికి ఉండదు.
చంక దగ్గర పట్టేసినా, మెడ దగ్గర గుచ్చినా.

సిరా పెట్టే అమ్మాయి
నా వేలు పట్టుకుని ఆగిపోయింది.
గోరు చుట్టూ ముప్పై ఏళ్ల నలుపు.
"ముందే వేసేశారా?"
గుడ్డతో తుడిచింది, పోలేదు.
జాబితాలో నా పేరు మళ్లీ చూసి,
నలుపు మీదే గీత గీసింది.

అట్ట వెనక ఎంతసేపున్నానో.
వాళ్లు గుర్తులు చూశారు, నేను కాలర్లు చూశాను.
ఆఖర్న ఎవరూ వద్దనే మీట, దాన్నీ చూశాను.
వేలు ఎక్కడ ఆగిందో చెప్పను.
నూకాలుకీ చెప్పలేదు.
కీమని కూసింది మిషను,
ఇంత వేలికి అంత పొడుగు కూతా అనిపించింది.

రాత్రి రెండు మూటలూ బండి మీదే ఉన్నాయి.
ఓట్లు అయిపోయాయి, చొక్కాల కోసం ఎవరూ రాలేదు.
గాలికి ముళ్లు వదులై
ఒకదాంట్లోకి ఒకటి జారాయి.
దూరం నుంచి అన్నీ తెలుపే.
వీధిలైటు కింద కూర్చుని
ఒక్కొక్కటీ తిరగేసి, జిడ్డు చూసి, వాసన చూసి
ఇటొకటి, అటొకటి పెడుతున్నాను.

దగ్గు ఆగాక నూకాలు అడిగింది:
"జేబులు సూసేవా?"