దుబాసి

లాంగ్ సన్ కొండల్లో ఒక గది.
సరిహద్దు రాయి వాగుకి ఏ పక్కదో తేలక
ఇది పదకొండో రోజు.

అవతలి అధికారి టీకప్పు మీద మూత జరిపి
నెమ్మదిగా అన్నాడు:
"దూరపు నీళ్ళు దగ్గరి మంటను ఆర్పవు."

రెండు వేల ఏళ్ళ కిందట
ఏ మంత్రో ఏ రాజు చెవిలోనో ఊదిన ఎత్తు:
దూరంగా ఉన్నవాడితో చెయ్యి కలుపు,
పక్కవాడి గట్టు జరుపు.
ఆ కప్పులో ఇంకా ఆవిరి పోలేదు.

మావాళ్ళంతా నా వైపు తిరిగారు.
"ఖువే, ఏమంటున్నాడు?"
గొంతులో పచ్చి వెలక్కాయ.

ఈ సామెత మా అమ్మమ్మకీ తెలుసు.
వంటపాక అంటుకున్న రాత్రి
వాగు దాటి, మోకాళ్ళ దాకా తడిసి
రెండు బిందెలతో వచ్చిందట ఒక చైనా మనిషి.
పేరడిగే లోపే వెళ్ళిపోయింది.
అమ్మమ్మ చచ్చిపోయేదాకా
ఆవిడని తలుచుకున్నప్పుడల్లా
ఈ మాటే.

అక్షరం తేడా లేదు.
కత్తిలా అందించనా,
బిందెలా అందించనా?

గొంతు సవరించుకున్నాను.
కిటికీలోంచి, కింద,
ఎవరి గేదో
ఆ రాయికి వీపు రుద్దుకుంటోంది.