ఎన్ని దిండ్లు

గ్రిమ్స్‌బీలో మంగళవారాలు నావి.
రేవు వెనక ఇటుక ఇళ్ళ వరసలో
లెన్ హాబ్సన్ తలుపుకి గడియ ఉండదు.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే:
రాత్రి ఎన్ని దిండ్లు?
క్రిస్మస్‌కి రెండు. ఇవాళ నాలుగు.
"కూర్చునే పడుకున్నా, పడవలోలాగే"
అని నవ్వబోయి దగ్గాడు.

చీలమండ మీద వేలు నొక్కి తీస్తే
గుంట అలాగే ఉండిపోయింది,
నానిన పిండిలో పడ్డట్టు.

ఇరవై రెండేళ్ళు చేపల వేట.
ఒడ్డున ఉన్న రోజులన్నీ పబ్బులో.
వట్టి బీరే కదా, అంటాడు.
పీపాలు లెక్కపెట్టని మనిషి
గీతలున్న జగ్గులోంచి ఇప్పుడు
రోజుకి లీటరున్నర కొలుచుకు తాగుతాడు.
టీ అందులోనే. సూపూ అందులోనే.
"ద్రాక్షపండు కూడా లెక్కేనా?"
లెక్కే.

స్కాన్‌లో చూశాను, ఎడమ గది
సాగిపోయిన పాత స్వెటర్ మెడ.
బిగించబోతుంది, వదిలేస్తుంది.

గుండె చెరువైంది అంటాం మేము, ఏడుపొచ్చినప్పుడు.
చిన్నప్పటినుంచీ తేలిగ్గా వాడిన మాట.
అందులో ఇంత నిజం నీరుందని
ఈ ఊళ్ళో తెలిసింది.
ఇంగ్లీషులో చెప్పబోయి ఊరుకున్నాను.
సముద్రం చూసినవాడికి చెరువొక లెక్కా.

బరువు రాసే కాయితంలో
శనివారం గడి ఖాళీ. ఆదివారం కూడా.
నేనేమీ అనకముందే
కిటికీ వైపు తిరిగాడు.
సింకులో బోర్లించిన గ్లాసు,
అంచున నురగ ఇంకా ఆరలేదు.

పెన్ను జేబులోంచి తీయలేదు.
ఐదో దిండు ఎక్కడుందో అడిగి
మంచం మీద సర్ది వచ్చాను.