పెళ్లికూతురు ఓడ

వన్‌టౌన్లో మా డాబా మీద
వాన కురవని రోజున కూడా బొగ్గు కురుస్తుంది.
సాయంత్రం అప్ప చీపురు పట్టేది, నేను బకెట్టు.
ఎంత కడిగినా, పక్కలు వేసుకునేసరికి
మా అరికాళ్లు రెండు జతలూ నల్లన.

రేవులో చోటు దొరక్క
బయట సముద్రంలో నిలబడిపోయిన ఓడలు
దీపాలు వెలిగించుకునే వేళకి
మా లెక్క మొదలయ్యేది.
కుడి నించి అప్ప, ఎడం నించి నేను.
ఎవరికి ముందు కనపడితే వాళ్లది
పెళ్లికూతురు ఓడ.
అదంటే, ఒంటినిండా దీపాలు పెట్టుకుని
ఎవరి కోసమో కదలకుండా కూర్చునేది.
ఇంకా ఉండేవి: ఎద్దు ఓడ, దగ్గు ఓడ,
అమ్మకి కోపం వచ్చిన ఓడ.
ఈ పేర్లు భూమ్మీద ఇద్దరికే తెలుసు.
నా పేరున ఉన్న ఆస్తి అదొక్కటే.

జూన్‌లో అప్ప ఇంటర్లో చేరింది.
జూలైకల్లా సెలీనా వచ్చింది.

సోల్జర్‌పేట పిల్ల. వాళ్ల నాన్న టగ్గు మీద సెరాంగు.
మా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది.
"రత్నం" అని పిలిచేది,
మా నూకరత్నంలోంచి
నూకాలమ్మని తీసి పక్కన పెట్టేసి.
అప్ప పలికేది కూడా.

అప్పట్నించీ నా జడ వదులే.
మూడు పాయలూ అప్ప చేతుల్లో ఉండేవి,
చెవులు మాత్రం మెట్ల మీద.
బీచిలో మురీ మిక్చరు పొట్లం
రెండు సగాలు కావడం మానేసి మూడు వంతులైంది.
నా వంతులో నిమ్మకాయ పిండలేదని
ఇంటిదాకా ఏడ్చాను.
పిండారు. నాకూ తెలుసు.

అప్ప ఏం చెప్పినా "సెలీనా చెప్పింది" తోనే మొదలు.
అది ఎద్దు కాదంట, బల్క్ కారియరంట.
అది దగ్గు కాదంట, పైలట్‌ని పిలవడమంట.
ఒక్కో ఓడా నిజం ఓడ అయిపోయి
నా చేతిలోంచి జారుకుంది.

"ఏటే గుంటా, మొకం అలాగెట్టీసినావు?
అప్పకి నేస్తం దొరికితే నీకేటి పోనాది?" అంది అమ్మ.
ఏటి పోనాదో చూపించడానికి
నా దగ్గర రసీదు లేదు.

ఒక మధ్యాహ్నం, కడగని డాబా మీద
వాళ్ల అడుగులు చూశాను.
పిట్టగోడ దాకా రెండు జతలు, పక్కపక్కనే.
పెద్ద అడుగులో నా పాదం పెట్టాను.
చుట్టూరా ఇంకా చోటు మిగిలింది.
చీపురు తెచ్చి ఒక జత మాత్రమే ఊడ్చాను.
బొగ్గు కదా,
రెండూ పోయాయి.

చవితి ముందురోజు రాత్రి కరెంటు పోయింది.
ఊరు ఆరిపోయాక సముద్రం వెలిగింది.
పిట్టగోడకి ఆనుకుని ముగ్గురం,
ఆ చివర నేను.
డాల్ఫిన్ నోస్ మీంచి లైట్‌హౌస్ వెలుగు
వచ్చి, మా మొహాలు లెక్కపెట్టుకుని, వెళ్లిపోయింది.
సెలీనా నా మీదకి ఒంగి
గొంతు తగ్గించి అడిగింది:
"పెళ్లికూతురు ఓడ ఏదీ?
మీ అప్ప చూపించట్లేదు.
అది చెల్లిది, దాన్నే అడుగు అంటాది."

చెప్పేసిందన్నమాట.
చెప్పలేదన్నమాట.

అక్కడే ఉంది, ఎడం చివర,
ఒంటినిండా వెలుగుతూ, కదలకుండా.
నేను చెయ్యెత్తి
దగ్గు ఓడని చూపించాను.
"ఎంత బాగుందో!" అంది సెలీనా.
నిజంగానే అంది.

చీకట్లో అప్ప చెయ్యి వెతుక్కుంటూ వచ్చి
నా జడ పట్టుకుని ఒక్క లాగు లాగింది,
కళ్లల్లో నీళ్లు తిరిగేంత.
ఒక్క మాట అనలేదు.
సెలీనాకి ఆ రోజు కాదు, ఆ తర్వాత కూడా
తప్పు దిద్దలేదు.

తెల్లారి లేచి చూస్తే
దగ్గు ఓడ అక్కడే ఉంది.
పెళ్లికూతురు లేదు.
రాత్రెప్పుడో
రేవులో చోటు దొరికినట్టుంది.