పాసంగం

ఉస్మాన్‌గంజ్‌లో మా చిన్నాయన దుకాణం
షట్టరెత్తగానే
నూనె, తుప్పు, పక్క గోదాంలోంచి ఎండుమిరప ఘాటు.
కొక్కేలకు వేలాడే తక్కెడలు
చిన్న గాలికే అటూ ఇటూ అనుమానపడతాయి.

ఎలక్ట్రానిక్ కాంటాలొచ్చి ఎన్నేళ్లయిందో.
అయినా ఆయన దగ్గరికి
అత్తరు కలిపే సాబు వస్తాడు,
వేర్లూ భస్మాలూ తూచే ముసలి హకీమ్ వస్తాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు చెప్పాడు:
“బరువు వెట్టి సూసుడు గాదు బిడ్డా,
పళ్లాలు మార్సి సూడు.
రాయి అటు, సరుకు ఇటు.
అప్పుడు గూడ ముల్లు నడిమిట్లనే నిలవడితే
అది కాంటా.
లేకుంటె దాంట్ల పాసంగమున్నట్టు.”

ఇప్పుడు నేను చేసేదీ ఆ పనే.
గోపన్‌పల్లిలో, రాత్రి రెండింటికి,
కంప్యూటర్ల కోసం వేసిన ఏసీకి
నేను శాలువా కప్పుకుని.
ఒక పళ్లెంలో పదార్థం.
ఇంకో పళ్లెంలో ప్రతిపదార్థం.

ప్రతి.
ఎంత గడుసు మాట!
ప్రతి అంటే నకలు.
ప్రతి అంటే ఎదురు.
ప్రతి అంటే ఒక్కొక్కటీ, ఏదీ వదలకుండా.
నాకు మూడూ కావాలి.

ఎక్కడో చలిదేశంలో
వేగంలోంచి పుట్టిన ప్రతికణాల్ని
మళ్లీ బతిమాలి నెమ్మదింపజేస్తారు.
ఉరికించడం తేలిక, ఆపడమే కష్టం
(అఫ్జల్‌గంజ్ బస్సు డ్రైవర్నడిగినా ఇదే చెప్తాడు).
గోడ తాకితే పోయేవాటిని
అయస్కాంతపు దోసిట్లో పట్టి
నిలువు గొట్టంలో ఉంచి
పైమూతా అడుగుమూతా
ఒక్కసారే, మెల్లగా, సడలిస్తారు.
పడతావా?
లేస్తావా?

జవాబు చెప్పిన మరుక్షణం అది ఉండదు.
ఎక్కడ మెరిసి పోయిందో
ఆ చుక్క మాత్రం నా తెర మీద మిగులుతుంది.

ఏ చుక్క పైదో ఏది కిందిదో
చెరిపేసి పంపారు మాకు.
నేను కోరుకున్నదే నాకు కనిపిస్తుందేమోనని.
కోరికకూ బరువుంటుంది మరి.

పదకొండు నెలలు.
పై తీగచుట్టకూ కింది తీగచుట్టకూ
వెంట్రుకలో వెంట్రుకంత తేడా ఉన్నా
అది గురుత్వంలా వేషం కట్టుకొస్తుంది.
ఆ వేషగాడి కోసం లెక్కలన్నీ తవ్వి
కళ్లు మండి కిటికీలోంచి చూస్తే
గుండు మీద గుండు,
ఎవరూ తూచకుండానే తూగుతున్న రాళ్లు.
వాటి వెనక,
వాటి తోబుట్టువుల్ని పేల్చి లేపిన ముప్పై అంతస్తులు.

మొన్న ముసుగు తీశాం.
నుజ్హత్ బటన్ నొక్కింది.
వందలో ఎనభై దాకా కిందికే.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
“పడింది” అంది తను,
తొలి అడుగేసిన పిల్లాడి గురించి చెప్పినట్టు.

పొద్దున్నే ఉస్మాన్‌గంజ్ పోయాను.
చిన్నాయన ఇత్తడి దండెను ఆకురాయితో రుద్దుతూ విన్నాడు.
“అంటె, ఉల్టా సరుకు గూడ కిందికే వడ్తది.”
“పడుతుంది.”
“మన సరుకు వడ్డట్టేనా?”
“పావు వంతు అటో ఇటో ఉండొచ్చు.”

ఆకురాయి ఆగింది.
అద్దాల మీంచి చూశాడు.
“పావు వంతా?
కిలకు పావు కిలనా?
గసొంటి కాంటాకు నేను ముద్దర కొట్టను బిడ్డా.”

నవ్వాను.
సగంలో నవ్వు ఆగిపోయింది.

ఆయన ఏమీ అనకుండా
ఖాళీ తక్కెడొకటి నా చేతికిచ్చాడు.
రెండు పళ్లాల్లోనూ ఏమీ లేదు.
అయినా ముల్లు ఎటో కొంచెం మొగ్గుతోంది.
నా చెయ్యి వణుకో,
సందులో వెనక్కొస్తున్న మిర్చి లారీ అదురో.
లారీ ఆగేదాకా
ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.