నీళ్ళకి ముందే చెప్పాలి

నరసాపురంలో, మాధవాయిపాలెం రేవుకెళ్ళే దారిలో
మా నాన్న ఒక షట్టరు అద్దెకు తీసుకుని
మూడు టీవీలు పెట్టాడు. గంటకి పది రూపాయలు.
పుస్తకంలో పేర్లు రాసుకునేది నేను,
టైమైపోతే ప్లగ్గు పీకేదీ నేనే.

బెజవాడ నుంచి తెచ్చిన పాత డిస్కుల సంచిలో
అట్టడుగున దొరికిందది.
అట్ట మీద ఒక పడవ, కాస్త మంచు,
మాలో ఎవరికీ రాని భాషలో రెండు వరుసలు.
తుపాకీ లేదు. కారు లేదు.
ఈ రేవులో మనుషుల్ని ఎక్కించుకోవాలి,
ఆ రేవులో దించాలి.
అంతే.

"డబ్బులిచ్చి టీవీలో రేవు దాటడమేటండీ,
పక్కనే నిజం పంటు పెట్టుకుని!"
అన్నాడు కొల్లాటి మురళి.
షాపు షాపంతా నవ్వింది.

పైగా చెప్పిన మాట వినదు.
ఎడమ నొక్కితే ఎడమకు రాదు.
నొక్కి, విసుక్కుని, పోనీలే అని కుడి నొక్కాక
అప్పుడు, తీరిగ్గా, ఎడమకు తిరుగుతుంది.
గట్టుకి గుద్దుకుంటుంది.
లాంతరు ఆరిపోతుంది.
మళ్ళీ మొదటి రేవు.

బటన్లు పోయాయన్నారు. డిస్కు గీసుకుపోయిందన్నారు.
ఒకడు టీవీని కొట్టాడు,
నాన్న వాణ్ణి కొట్టాడు.
చివరికి ఆ అట్టపెట్టెని మడిచి
ఊగే స్టూలు కాలికింద పెట్టింది నేనే.

శ్రావణంలో వరదొచ్చింది.
ఎర్రనీళ్ళు రేవు మెట్లన్నీ మింగాయి.
పంటుని గొలుసులేసి కట్టేశారు.
చేతిలో పని లేని సరంగు ఓలేటి పోలయ్య
కొడుకుని చెవి పట్టి లాక్కెళదామని వచ్చి
షట్టరు దగ్గరే ఆగిపోయాడు.

ఆ రోజు బేరం లేదు.
మూడో టీవీలో నేనే ఆడుతున్నాను, ఉత్త కసితో,
పదకొండోసారి గట్టుకి గుద్దుతూ.

చాలాసేపు చూశాడు. వేళ్ళ మధ్య బీడీ ఆరిపోయింది.
"ఎందుకమ్మా అంత ఆలస్యంగా చెప్తావు?"
"ఎవరికండీ?"
"నీళ్ళకి.
వంపు దగ్గరకొచ్చాక చెప్తే అవెందుకు వింటాయి?
వంపు కనపడకముందే చెప్పాలి.
చెప్పి ఊరుకోవాలి.
రెండోసారి చెప్పావో, వాటికి కోపం."

ఒక్కసారి నొక్కాను.
ఊరుకున్నాను.
ఊరుకోవడం ఎంత కష్టమో
నా బొటనవేలికి అప్పుడు తెలిసింది.
ఒకటి. రెండు. మూడు. నాలు...
నిద్రలో అటు ఒత్తిగిల్లే పసిపిల్లలా
పడవ ముక్కు ఎడమకు వాలింది.
"అదీ," అన్నాడు.
కొడుకు చెవి ఎప్పుడు వదిలేశాడో
వాడికీ తెలీదు.

వరద తీసేసరికి ఆ టీవీ ముందు వరస కట్టారు.
నవ్విన మురళే పొద్దున్నే వచ్చి షట్టరు తట్టేవాడు.
నాలుగో రేవులో ఎక్కే ముసలమ్మ
ఎక్కడా ఎందుకు దిగదని
పిల్లలు రెండు పార్టీలైపోయారు.
ఏడో రేవు మంచులో ఏమీ కనపడదు,
తెడ్డు చప్పుడే దారి. అక్కడికొచ్చేసరికి
ఫ్యాను కట్టేయమనేవాళ్ళు.
ఎనిమిదో రేవు మేమెవరం చూడలేదు.
ఉందో లేదో. కరెంటు పోయేది,
లేదంటే డిస్కు అక్కడే బిగుసుకునేది.

ఆటలో ఒక్క చుక్క మారలేదు.
అప్పుడు తిట్టించుకున్న పడవే అది.

షాపు పోయి చాలా ఏళ్ళయింది.
పెట్టె మాత్రం అమ్మ లేసుదారాల డబ్బాలో ఉంది,
అట్ట మీది పడవకి సరిగ్గా నడుమ
స్టూలు కాలు నొక్కిన గుండ్రటి గుంటతో.

ఆ వరద సాయంత్రం పోలయ్య వెళ్ళిపోతూ
మళ్ళీ వెనక్కొచ్చాడు.
"అందరూ కనపడుతున్నారు గానీ
ఆ పడవకి సరంగెవరమ్మా?"
"ఆయ్, నేనేనండి."
నా వంక, టీవీ వంక, మళ్ళీ నా వంక చూసి
పంచె మొల్లోంచి తడిసిన పదికాగితం తీసి
పుస్తకం మీద పెట్టాడు.
"ఇంకో గంట నడుపు.
కూర్చుంటాను."