వంకర గీత

బ్యాటరీని చంకలో పెట్టుకుని పడుకుంటాను,
జ్వరం చూసుకునేవాడిలా.
సున్నాకి ముప్పై రెండు డిగ్రీల దిగువన
దానికీ నాకూ ఒకటే ఒళ్ళు.

ఒల్ఖోన్ దీవి. ఫిబ్రవరి.
బైకాల్ సరస్సు ఇప్పుడు నడిచే నేల.
పొద్దున్నే దాని మీద బోర్లా పడుకుని లోపలికి చూస్తాను.
అడుగు నుంచి లేచిన గాలిబుడగలు
పైకి రాలేక, ఒకదాని కింద ఒకటి ఆగిపోయి ఉంటాయి
దొంతర పెట్టిన పళ్ళాల్లా,
ఎవరో భోజనాలకు పిలిచి వడ్డించడం మరిచినట్టు.

నాలుగు అంచులూ కత్తిరిస్తాను.
ఒడ్డు తీసేస్తాను, ఆకాశం తీసేస్తాను,
ఏది ఎంత పెద్దదో చెప్పేసే నా చేతితొడుగు నీడ కూడా.
మిగిలినదానికి
"పేరులేనిది, పద్నాలుగు" అని రాసుకుంటాను.

ఇర్కుత్స్క్‌లో పదకొండేళ్ళు పాస్‌పోర్టు ఫోటోలు తీశాను.
నవ్వొద్దు. చెవులు కనపడాలి.
వెనక నీడ పడకూడదు.
అక్కడే నేర్చుకున్నట్టున్నాను
తీయడమంటే తీసేయడమని.

రాత్రి మాత్రం ఏదీ తీసేయలేను.
తలుపు తెరిచిపెట్టి కూర్చోవడమే.
నలభై నిమిషాలు కెమెరా కన్నార్పదు.
నేను ఆర్పుతాను,
రెప్పలు అతుక్కుంటే వేళ్ళతో విడదీసుకుంటాను.
కాళ్ళ కింద ఎక్కడో ఒక పగులు పరిగెడుతుంది
ఇనప్పెట్టెను ఈ గోడ నుంచి ఆ గోడకి ఈడ్చినట్టు.
భయమేస్తుంది.
భయం ఫోటోలో పడదు. చుక్కలు పడతాయి.

ఆ రాత్రి ఫ్రేములోకి ఒక దీపం వచ్చింది.
కుడిపక్క నుంచి, దూరంగా,
తాగినవాడి నడకలా
ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు.
ఇరవై ఆరో నిమిషం. చంద్రుడు లేని రాత్రి.
ఇంకో వారానికి గానీ మళ్ళీ దొరకదు.
దీపం ఆర్పమని గొంతు చించుకుని అరిచాను.
గాలి మాటను పట్టుకుపోయి
అరుపును మాత్రం అటు చేర్చినట్టుంది.

వచ్చింది సెసెగ్మా.
నాకు గది అద్దెకిచ్చిన మనిషి,
మంచుకు కన్నం వేసి చేపలు పట్టే మనిషి.
ఒగరుస్తోంది.
లాంతరు ఎత్తి నా మొహం చూసింది,
కాళ్ళు చూసింది, తడి లేదని చూసింది.
"టీ చల్లారిపోతోంది," అంది.

మూడు రోజుల తరవాత వంటింట్లో
ఆ ఫోటో తెర మీద తెరిచాను.
ధ్రువుడి చుట్టూ చుక్కలన్నీ
గానుగెద్దుల్లా బుద్ధిగా తిరిగాయి.
కింద, ఆ వంకర గీత.
"దీన్ని చెరిపేస్తాను, రెండు నిమిషాల పని," అన్నాను.

ఆమె చుక్కల వైపు చూడలేదు.
చేప శుభ్రం చేస్తున్న చేత్తోనే
గీత మొదలు దగ్గర వేలు పెట్టింది.
"ఇక్కడ కింద గాలిబుడగలు. నువ్వు పడుకుని చూస్తావే, అవే.
అవి ఉన్నచోట మంచు పల్చన."
నా పద్నాలుగో నంబరు.
దానికి నేను పేరు పెట్టలేదు,
ఆమె దాని పక్కనుంచి తప్పుకు నడిచింది.

"ఇది మొన్నటి పగులు. చుట్టూ తిరిగొచ్చాను.
నా మోకాళ్ళు దూకే మోకాళ్ళు కావు.
ఇక్కడ బూటు ఊడింది."
వెలుగు చిక్కబడి బొట్టులా ఉన్నచోట
వేలు ఆగింది.
"ఇక్కడే. నువ్వేదో అరిచావు.
నీళ్ళలో పడ్డావనుకున్నాను."

అక్కణ్ణుంచి నా దాకా
గీత తిన్నగా ఉంది.
ఒక్క వంపు లేదు.

"అక్కడ మంచు మందమా?" అని అడిగాను.

ఆమె మళ్ళీ కత్తి అందుకుంది.
"కాదు," అంది.

తెర మీద, చుక్కల మధ్య
ఒక చేపపొలుసు అంటుకుని ఉంది.
ఇంకా తీయలేదు.